సుషి పళ్లెం, పులిహోర గుండిగ

రెండు వందల మంది దావత్‌కు జపాన్ వంటకమైన సుషి ఆర్డర్ చేయాలంటే ముందు తేల్చుకోవాల్సింది చేప సంగతి కాదు, అన్నం సంగతి. భోజనానికి ముందు రుచి చూపించడానికే అయితే మనిషికి అయిదు ముక్కలు, మొత్తం వెయ్యి. ముక్కకు దాదాపు 20 గ్రాముల అన్నం పడుతుంది కాబట్టి 20 కిలోల అన్నం కావాలి. పళ్లేనికి యాభై ముక్కలు పేరిస్తే ఇరవై పళ్లేలు. వాటి మీద మెరిసేది చేపే గానీ, తూకంలో ఎక్కువ ఉండేది అన్నమే. ఆ రాత్రి ఎవరికైనా వాంతులు మొదలైతే అందరూ చేపనే తిట్టుకుంటారు. అన్నాన్ని అనుమానించేవాళ్లు తక్కువ.

ఈ లెక్కను మహారాష్ట్ర కొసన ఉన్న సిరొంచలో వేసి చూస్తే విషయం బాగా తేటపడుతుంది. 1982 ఆగస్టు 26న చంద్రపూర్‌ను విడదీసి ఏర్పాటుచేసిన గడ్చిరోలి జిల్లాకు ఇది దక్షిణపు చివర. జిల్లా కేంద్రం 200 కిలోమీటర్లకు పైబడిన దూరం. తెలంగాణలోని కాళేశ్వరం మాత్రం గోదావరి వంతెన దాటితే వచ్చేస్తుంది. ఆఫీసు కాగితం మరాఠీలో ఉన్నా ఇంట్లో, అంగట్లో వినిపించేది తెలుగే. వియ్యాలూ కయ్యాలూ చెన్నూరు, మహదేవపూర్, మంథని వైపు నడుస్తాయి. ఊరి పక్కనే ప్రాణహిత, కాస్త దిగువన గోదావరి. చేపకూ బియ్యానికీ కరువు లేదు. మంచుకే కరువు. పెళ్లిళ్ల కాలమైన ఏప్రిల్, మే నెలల్లో పగటి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది.

ఇలాంటి చోట పెద్ద బంతికి వండే అన్నం చెడకుండా ఉండాలంటే ఏం చేయాలి? జపాన్ వాళ్లు సిర్కాతో (వెనిగర్‌తో), తెలుగువాళ్లు చింతపండుతో వెతికిన జవాబు ఒక్కటే: పులుపు.

సుషి పుట్టింది పచ్చి చేప మీది మోజుతో కాదు, చేపను నిలవ చేసుకోవాల్సిన అవసరంతో. దాని మూలాలు మెకాంగ్ నదీ పరీవాహక ప్రాంతంలోని వరి మడుల్లో ఉన్నాయని జపాన్ ఆహార చరిత్రకారుడు ఇషిగె నవోమిచి వంటి పరిశోధకులు భావిస్తారు. వానకాలంలో విరివిగా దొరికిన మంచినీటి చేపకు ఉప్పు పట్టించి, వండిన అన్నంలో పొరలుపొరలుగా పేర్చి, పైన బరువు పెట్టేవారు. లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేసే బ్యాక్టీరియా ఆ అన్నాన్ని పులియబెడితే, ఆ పులుపు చేపను కుళ్లనీయకుండా కాపాడేది. జపాన్‌లోని బివా సరస్సు ఒడ్డున ఇప్పటికీ చేసే ‘ఫునజుషి’ ఈ పద్ధతికి బతికున్న సాక్ష్యం. అందులో వాడే చేప మన బొచ్చె, రవ్వల కుటుంబానిదే. నెలల తరబడి ఉప్పులో, ఆ తరవాత మళ్లీ నెలల తరబడి అన్నంలో ఊరుతుంది. రాత్రి చద్దన్నంలో తెల్లారేసరికి తేలే పులుపూ అదే జాతి బ్యాక్టీరియా పని.

అంత కాలం ఆగే ఓపిక నగరాలకు ఉండదు. అన్నం పులిసేదాకా చూడకుండా నేరుగా సిర్కా కలిపేస్తే సరిపోతుందని జపనీయులు కనిపెట్టారు. 1820ల నాటికి ఎదో నగరంలో, అంటే నేటి టోక్యోలో, సిర్కా అన్నం ముద్ద మీద చేపముక్క పెట్టి అప్పటికప్పుడు అమ్మడం ఊపందుకుంది. సుషి వంటవాడు హనయ యోహెయ్ పేరు ఈ పద్ధతితో ముడిపడి ఉంది. ఏడాది పట్టే పని క్షణాల్లోకి వచ్చింది. పులుపు మాత్రం అన్నంలోంచి పోలేదు, ఎందుకంటే దాని పని ఇంకా మిగిలే ఉంది.

ఆ పని ఏమిటో తెలియాలంటే అన్నంలో దాగిన సూక్ష్మజీవిని పట్టుకోవాలి. పేరు బాసిల్లస్ సీరియస్. ఉండేది మట్టిలో. వరి కంకి మీదుగా బియ్యంలోకి చేరుతుంది. ప్రతికూల పరిస్థితి ఎదురైతే గట్టి పెంకులాంటి కవచం కట్టుకుని బీజకణంగా మారిపోతుంది. అన్నం ఉడికే వేడి ఆ కవచాన్ని పగలగొట్టలేదు. పైగా ఉడకడంతో పోటీదారులైన మిగతా సూక్ష్మజీవులు చాలావరకు చచ్చి, దీనికి దాదాపు ఒంటరి రాజ్యం దక్కుతుంది. అన్నం 50 డిగ్రీల కిందికి చల్లారగానే బీజకణాలు మొలకెత్తుతాయి. 30 నుంచి 37 డిగ్రీల మధ్య వాటి పెరుగుదల జోరుగా ఉంటుంది. అరగంటకోసారి రెట్టింపయినా, ఒక్క కణం ఎనిమిది గంటల్లో 65,536 కణాలవుతుంది. గ్రాము అన్నంలో వాటి సంఖ్య లక్ష దాటితే ప్రమాదమని ఆహార భద్రత నిపుణులు పరిగణిస్తారు.

అసలు చిక్కు అక్కడితో ఆగదు. వీటిలో కొన్ని రకాలు అన్నంలోనే సెరియులైడ్ అనే విషాన్ని వదులుతాయి. ఆ విషం 121 డిగ్రీల దగ్గర గంటన్నర మరిగించినా విరగదు. అంటే రాత్రి చెడిన అన్నాన్ని పొద్దున పోపులో వేయించినా, ఆవిరి పట్టినా, పులుసు పిండినా బ్యాక్టీరియా చావొచ్చు గానీ విషం ఉన్నచోటే ఉంటుంది. తిన్న అరగంట నుంచి ఆరు గంటల్లోపు వాంతులు మొదలవుతాయి. చాలామందికి ఒక్క రోజులో తగ్గిపోతుంది. అరుదుగా కాలేయం దెబ్బతిని ప్రాణం మీదికీ వస్తుంది. 2008లో బెల్జియంలోని బ్రస్సెల్స్‌లో అయిదు రోజులు బయటే ఉంచిన స్పగెటీని వేడిచేసుకుని తిన్న ఇరవయ్యేళ్ల విద్యార్థి ఒకరు రాత్రికి రాత్రే చనిపోయారు.

అన్నంతో బాసిల్లస్‌కున్న సంబంధం 1970ల మొదట్లో బ్రిటన్‌లో బయటపడింది. చైనీస్ హోటళ్లలో ఫ్రైడ్ రైస్ తిన్నవాళ్లు వరసగా వాంతులతో పడిపోయారు. ఆరా తీస్తే, వంటవాళ్లు అన్నాన్ని ముందురోజే పెద్ద మొత్తంలో ఉడికించి, రాత్రంతా వంటగదిలోనే వదిలేసి, మర్నాడు గిరాకీ వచ్చినప్పుడు వేయిస్తున్నారని తేలింది. ఫ్రిజ్‌లో పెడితే మెతుకులు గడ్డకట్టి విడివిడిగా రావని వాళ్ల ఫిర్యాదు.

ఆ ఫిర్యాదు అబద్ధం కాదు. ఉడికినప్పుడు నీళ్లు పీల్చుకుని సాగిన పిండిపదార్థపు గొలుసులు చల్లారేకొద్దీ మళ్లీ దగ్గరకు చేరి బిగుసుకుంటాయి. ఈ బిగింపు ఫ్రిజ్‌లో ఉండే నాలుగైదు డిగ్రీల దగ్గరే చాలా వేగంగా సాగుతుంది. అమైలోజ్ అనే పిండిపదార్థం ఎక్కువున్న బియ్యంలో ఇది మరీ ఎక్కువ. 1986లో బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి విడుదలైన సాంబా మసూరి, అదే బీపీటీ 5204, మెతుకు విడివిడిగా రావడానికి కారణం ఈ అమైలోజే. మర్నాటికి బిరుసెక్కడానికీ కారణం అదే. సుషికి వాడే పొట్టి గింజ బియ్యంలో అది తక్కువ కాబట్టి ముద్ద అతుక్కుంటుంది. సిర్కాతో పాటు కలిపే చక్కెర ఈ బిగుసుకోవడాన్ని కాస్త ఆలస్యం చేస్తుంది. పులిహోరలో మెతుకులు ఒకదానికొకటి అంటుకోకుండా కాపలా కాసేది నూనె.

మొత్తానికి ఫ్రిజ్‌లో పెడితే రుచి పోతుంది, బయట పెడితే బ్యాక్టీరియా పెరుగుతుంది. ఈ రెంటి మధ్య దారి పులుపే. పులుపును కొలిచే అంకె పీహెచ్, అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. వట్టి అన్నం పీహెచ్ ఆరుకూ ఏడుకూ మధ్య ఉంటుంది, సూక్ష్మజీవికి హాయైన చోటు. దాన్ని నాలుగున్నర కిందికి దింపితే బాసిల్లస్ దాదాపు చేతులు ముడుచుకుంటుంది. అందుకే అమెరికాలో సుషి అన్నాన్ని బయట ఉంచి అమ్మే హోటళ్లు ప్రతి విడత అన్నాన్నీ పీహెచ్ మీటరుతో కొలిచి పుస్తకంలో రాయాలి. సాధారణంగా 4.6 కంటే తక్కువ, కొన్నిచోట్ల 4.2 కంటే తక్కువ ఉండాలని అక్కడి ఆరోగ్య శాఖలు పట్టుబడతాయి.

మరి పులిహోర ఈ పరీక్ష నెగ్గుతుందా? చింతపండు గుజ్జు స్వతహాగా చాలా పుల్లనిది. పీహెచ్ మూడు దరిదాపుల్లో ఉంటుంది. అందులోని ప్రధాన ఆమ్లం టార్టారిక్. సిరొంచ పేరెత్తితే గుర్తుకొచ్చే కలెక్టర్ మామిడిని కాయగా ఉన్నప్పుడే కోరి కలిపితే సిట్రిక్, మాలిక్ ఆమ్లాలు చేరతాయి. నిమ్మకాయ పులిహోరలో సిట్రిక్ ఆమ్లానిదే పెత్తనం. అయితే పీహెచ్ అంకె ఒకటే అయినా అన్ని ఆమ్లాలూ ఒకేలా పనిచేయవు. ఆమ్లపు అణువు విడిపోకుండా నిండుగా ఉన్నప్పుడే బ్యాక్టీరియా గోడ దాటి లోపలికి చొరబడగలదు. లోపలికెళ్లాక విడిపోయి కణాన్ని లోపలి నుంచే పుల్లబారుస్తుంది. పీహెచ్ 4.5 దగ్గర సిర్కాలోని ఎసిటిక్ ఆమ్లపు అణువుల్లో నూటికి 65 దాకా విడిపోకుండా ఉంటాయి. అదే పీహెచ్ దగ్గర టార్టారిక్ ఆమ్లంలో అలాంటివి నూటికి ఒకటి రెండే. సిట్రిక్‌లో కూడా రెండు మూడుకు మించవు.

అంటే సిర్కా పీహెచ్‌నూ దింపుతుంది, కణంలోకీ చొరబడుతుంది; దాని కత్తికి రెండు వైపులా పదును. చింతపండుకు ఒకవైపే పదును. పులుపు సరిపడా పడి, ప్రతి మెతుక్కీ పట్టిన పులిహోర వట్టి అన్నం కంటే ఎంతో భద్రం. ఉప్పు, పసుపు, ఇంగువ కొంత తోడు నిలుస్తాయి. కానీ నేటి క్యాటరింగ్ పులిహోరల్లో చాలావరకు రంగుకు తగ్గ పులుపు ఉండదు. పిల్లలు తినరని, గొంతు పడుతుందని పులుసు తగ్గించి, పసుపూ పల్లీలూ పెంచుతారు. చూపుకు అది పులిహోరే, సూక్ష్మజీవికి మాత్రం వట్టి అన్నం.

పులుపు తరవాత చూడాల్సింది మందం. తెలుగు వంటశాలలో ఆరితేరిన చేయి పులిహోర కలిపే తీరు ఒక్కసారి దగ్గరగా గమనించాలి. మెతుకు పలుకు మీద ఉండగానే గంజి వారుస్తారు. చాప మీద ఉతికిన తెల్లగుడ్డ పరిచి, గుండిగను ఒక పక్కకు వంచి అన్నాన్ని పల్చగా ఆరబోస్తారు. ఆవిరి ఇంకా లేస్తుండగానే పచ్చి కరివేపాకు, పసుపు, నూనె చల్లి, గరిటె అంచుతో మెతుకు విరగకుండా కింది నుంచి పైకి తిప్పుతారు. తరవాత ఉడికిన పులుసు పోస్తారు. జపాన్ సుషి వంటగదిలోనూ దృశ్యం ఇంచుమించు ఇదే. హంగిరి అనే వెడల్పాటి చెక్క తొట్టిలోకి వేడి అన్నం ఒంపి, సిర్కా చల్లుతూ, చెక్క గరిటెతో కోస్తున్నట్టు కలుపుతుంటే పక్కన ఒకరు విసనకర్రతో విసురుతారు. వేడి మీద ఉన్న మెతుకే పులుపును లోపలికి పీల్చుకుంటుందని ఇద్దరికీ తెలుసు.

పరచడం వెనుక ఉన్నది భౌతికశాస్త్రం. కుప్పగా పోసిన అన్నం చల్లారే కాలం దాని మందపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అయిదు సెంటీమీటర్ల పొరను ఆరు రెట్లు పెంచి ముప్ఫై సెంటీమీటర్ల కుప్ప చేస్తే, మధ్యభాగం చల్లారడానికి ఆరు రెట్లు కాదు, ముప్ఫై ఆరు రెట్ల సమయం పడుతుంది. రాత్రి పదింటికి దించిన పెద్ద గుండిగ మీద మూత పెట్టి పడుకుంటే, తెల్లవారుజామున చెయ్యి పెట్టినా మధ్యలో గోరువెచ్చగానే తగులుతుంది. అంటే ఆ గంటల్లో చాలా భాగం బాసిల్లస్‌కు నచ్చిన వేడిలోనే గడిచింది. బియ్యం ఎంత మేలైనదైనా, పొద్దున ఎంత పులుసు పోసినా ఆ రాత్రి జరిగిన నష్టం పూడదు.

ఇక చేప విషయం. గోదావరి, ప్రాణహితల్లో పొద్దున వలలో పడిన చేపను చూస్తే ఇంతకంటే తాజాది ఎక్కడ దొరుకుతుందనిపిస్తుంది. సుషికి మాత్రం ఆ తాజాదనం పనికిరాదు. మంచినీటి చేపల కండలో మనిషికి సోకే పరాన్నజీవుల పిల్లపురుగులు ఉండవచ్చు. తెలంగాణ రాష్ట్ర చేపగా గుర్తింపు పొందిన కొర్రమీను జాతి చేపలు నాథోస్టోమా అనే పురుగుకు ఆతిథ్యమిస్తాయని ఆసియా దేశాల్లో రుజువైంది. సుషికి పుట్టిల్లుగా చెప్పే మెకాంగ్ ప్రాంతంలోనే, ఈశాన్య థాయ్‌లాండ్ పల్లెల్లో, బొచ్చె కుటుంబపు చిన్న చేపలను పచ్చిగా తినే అలవాటు వల్ల కాలేయపు పురుగు వ్యాపించి పిత్తనాళాల క్యాన్సర్‌కు దారితీసింది. నిమ్మరసం పిండితే చేపముక్క తెల్లబడి ఉడికినట్టు కనిపిస్తుంది గానీ, లోపలి పురుగు చావదు.

సముద్రపు చేపకైనా గడ్డకట్టించే మెట్టు చాలావరకు తప్పదు. పచ్చిగా వడ్డించే చేపను మైనస్ 20 డిగ్రీల దగ్గర ఏడు రోజులు, లేదా మైనస్ 35 దగ్గర గడ్డకట్టించి 15 గంటలు ఉంచాలని అమెరికా ఆహార, ఔషధ సంస్థ సూచిస్తుంది. పెంపకంలో పురుగు సోకని దాణాతో పెరిగిన సాల్మన్, కొన్ని రకాల ట్యూనా వంటివాటికి మినహాయింపులున్నాయి. గడ్డకట్టిస్తే పురుగులు చస్తాయి. బ్యాక్టీరియా నిద్రపోతుందే తప్ప చావదు. ట్యూనా, కానాగంత వంటి చేపలు దారిలో వేడెక్కితే వాటి కండలో హిస్టమిన్ అనే రసాయనం తయారవుతుంది. అది కూడా వండినా పోనిదే. మొహం ఎర్రబడి, తల పోటెత్తి, ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి.

ఇప్పుడు మళ్లీ సిరొంచ దావత్‌కు వద్దాం. అమెరికాలోనో బెంగళూరులోనో ఉద్యోగం చేస్తున్న పిల్లలు పెళ్లి విందులో సుషి పెట్టాలని ముచ్చటపడ్డారనుకుందాం. పళ్లేలు కట్టి పంపగల నగరం హైదరాబాదయితే దాదాపు 280 కిలోమీటర్లు, కారులో అయిదారు గంటలు. అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే నియమం ప్రకారం త్వరగా పాడయ్యే ఆహారం బయట రెండు గంటలకు మించి ఉండకూడదు. చుట్టూ వేడి 32 డిగ్రీలు దాటితే ఒక్క గంటే. మే నెలలో షామియానా కింద ఆ గంట వడ్డన మొదలవకముందే అయిపోతుంది. ఐసు పెట్టెల్లో పెట్టి తెస్తే చేప నిలుస్తుంది గానీ అన్నం రాయవుతుంది, చుట్టిన సముద్రపు నాచు తేమ పీల్చుకుని రబ్బరులా సాగుతుంది.

అందుకని ఇలాంటి చోట ఆర్డర్ ఇవ్వాల్సింది కట్టిన పళ్లేలకు కాదు, సరుకుకూ మనిషికీ. పొట్టి గింజ బియ్యం, సిర్కా, నాచు ఎండలోనూ ఇబ్బంది లేకుండా ప్రయాణిస్తాయి. చుట్టే నేర్పున్న వంటమనిషిని ఇద్దరు సహాయకులతో పిలిపించుకుంటే, అన్నం అక్కడే వండి, వేడి మీద సిర్కా కలిపి, మామిడి, కీరదోస, క్యారెట్, ఉడికించిన రొయ్య, వేయించిన కొర్రమీనుతో చుట్టించవచ్చు. వెయ్యి ముక్కలూ ఒకేసారి పేర్చకుండా గంటకు మూడు వందల చొప్పున విడతలుగా తీయించాలి. శాకాహారపు పళ్లేలకు కత్తీ పీటా వేరుగా ఉండాలి. రొయ్య, నువ్వులు, సోయా పడనివాళ్ల కోసం పళ్లెం ముందు చీటీ పెట్టాలి. పచ్చి చేప మాత్రం నదిదైనా, సముద్రానిదైనా ఈ ఎండల్లో పెళ్లి బంతికి వద్దే వద్దు.

పులిహోరకూ ఇదే నిక్కచ్చి కావాలి. 2022 ఏప్రిల్ 13 నుంచి 24 దాకా ప్రాణహిత పుష్కరాలకు సిరొంచ, కాళేశ్వరం ఘాట్లు జనంతో నిండాయి. 2025 మే 15 నుంచి 26 వరకు కాళేశ్వరంలో సరస్వతీ పుష్కరాలు జరిగాయి. రెండూ మండువేసవిలోనే. గోదావరి పుష్కరాలు 2027లో రానున్నాయి. అన్నదానానికి పూనుకునే సంఘాలు, గుడి వంటశాలలు, క్యాటరింగ్ వాళ్లు ఇప్పటినుంచే నాలుగు నియమాలు రాసి పెట్టుకోవాలి. అన్నాన్ని రాత్రంతా గుండిగలో ఉంచవద్దు. నాలుగు వేళ్ల మందం మించకుండా ఆరబోసి, ఆవిరి ఉండగానే పులుసు కలపాలి. పూర్తిగా చల్లారాకే పొట్లం కట్టి, కలిపిన సమయం దాని మీద రాయాలి. మందుల దుకాణాల్లోనో ప్రయోగశాల సామగ్రి అమ్మేచోటో చవగ్గా దొరికే పీహెచ్ కాగితంతో ప్రతి గుండిగనూ పరీక్షించి, అంకె నాలుగున్నర దాటితే ఇంకాస్త చింతపండు పులుసు పోయాలి.